గ్రేటింగుల పరీక్ష – నా ఉద్యోగం నేర్పిన పాఠం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. ఈసారి ప్రత్యేక సంచిక వేస్తున్నాం కాబట్టి, ఎవరి సెక్షనులో వారు ఏం పని చేశారో ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేట్టు చెప్పమని కార్యదర్శిగారు పురమాయించారు. నేను ఆప్టిక్స్ సెక్షనులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నాను. మా అల్లుడు ఆఫీసులో ఏం చేస్తాడే అని మా అత్తగారు అడిగితే, "ఆయన అక్కడ దయ్యాల్ని పడతారమ్మా" అని మా ఆవిడ జవాబు చెప్పేది. ఆవిడ వేళాకోళానికే అన్నా అందులో అబద్ధం లేదు. ఆ దయ్యాల సంగతీ, వాటిలో ఒకదాన్ని నేను వదిలేసిన సంగతీ ఈ రోజు చెబుతాను. రెండోది ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు.

ముందు గ్రేటింగు అంటే ఏమిటో చెప్పాలి. ఈ రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు మీ ఆవిడగారి పట్టుచీర చెంగులోంచి దూరంగా ఉన్న వీధి దీపాన్ని చూడండి. దీపానికి అటూ ఇటూ చిన్న చిన్న దీపాలు, అంచుల్లో రంగులు కనిపిస్తాయి. 1785లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో హాప్కిన్సన్ అనే పెద్దమనిషి పట్టు రుమాలులోంచి వీధి దీపాన్ని ఇలాగే చూసి ఆశ్చర్యపడి, ఇదేమిటని రిట్టెన్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుణ్ణి అడిగాడు. ఆయన సన్నని మరల మధ్య వెంట్రుకలు వరసగా బిగించి, ఆ రంగుల లెక్క తేల్చాడు. అదే మొదటి గ్రేటింగు అనుకోవచ్చు. పట్టు దారాలైనా, వెంట్రుకలైనా, గాజు మీద గీతలైనా, దగ్గరదగ్గరగా సమదూరంలో ఉంటే వాటి మీద పడ్డ వెలుగు రంగులుగా విడిపోతుంది. మన పిల్లలు పాటలు విన్న కాంపాక్ట్ డిస్కు మీద ఇంద్రధనుస్సు కనిపించేది కూడా ఇందువల్లే. దాని మీద మిల్లీమీటరుకు 600కు పైగా వరసలుంటాయి.

మా దగ్గరకు వచ్చే గ్రేటింగులు మిల్లీమీటరుకు 1200 గీతలవి. నాలుగు అంగుళాల గాజు బిళ్ళ, దాని మీద పలుచని అల్యూమినియం పూత, ఆ పూతలో గీతలు. అంటే బిళ్ళ మొత్తానికి 1,20,000 గీతలు. గీతకూ గీతకూ మధ్య 833 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో నూరో వంతు అనుకోండి. వీటిని వజ్రపు మొనతో గీస్తారు. ఒక్కో గీత నాలుగు అంగుళాల పొడవైతే, బిళ్ళ పూర్తయ్యేసరికి ఆ వజ్రం 12 కిలోమీటర్లు నడిచినట్టు. నిమిషానికి 10 గీతల చొప్పున గీసినా ఎనిమిది రోజులకు పైగా పడుతుంది. ఆ ఎనిమిది రోజులూ గది వేడి మారకూడదు, నేల అదరకూడదు, వజ్రం అరగకూడదు. అందుకే ఒక మంచి గ్రేటింగు తయారయ్యాక దాన్ని మాస్టరుగా దాచి, జిగురు పోసి దాని నుంచి నకళ్ళు తీస్తారు. మాకు వచ్చేవి నకళ్ళే. మాస్టరులో ఉన్న సుగుణాలూ దుర్గుణాలూ అన్నీ నకలుకు వస్తాయి.

ఈ పనిలో అందరికీ గురువు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెన్రీ రౌలండ్. 1882 ప్రాంతంలో ఆయన చేయించిన యంత్రం అంగుళానికి 14,438 గీతలు గీసేది. ఆ యంత్రానికి ప్రాణం ఒక మర. మర ఒక చుట్టు తిరిగితే బిళ్ళ ఇంత జరగాలి అని లెక్క. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో "మర" మీద వ్యాసం రాయడానికి పిలిచింది కూడా ఆయన్నే. అంత గొప్ప మరలో కూడా ఎక్కడో రవ్వంత వంకర ఉంటుంది. ప్రతి చుట్టులోనూ ఆ వంకర అదే చోటికి వస్తుంది. ఈ రవ్వంత నుంచే మన దయ్యాలు పుడతాయి.

ఖగోళ శాస్త్రజ్ఞులకు ఈ బిళ్ళ ఎందుకు? నక్షత్రాన్ని చేతికి తెచ్చి పరీక్షించలేం. దాని వెలుగు ఒక్కటే మన దగ్గరకు వస్తుంది. స్పెక్ట్రోగ్రాఫులో గ్రేటింగు ఆ వెలుగును రంగులుగా విడదీసి ప్లేటు మీద పరుస్తుంది. ఆ పట్టీలో కనిపించే గీతలను బట్టి అక్కడ ఏ పదార్థం ఉందో, ఎంత వేడిగా ఉందో, మన వైపు వస్తోందో దూరంగా పోతోందో చెప్పవచ్చు.

ఒక్క గీతకు ఎంత విలువో మన గుంటూరు వాళ్ళకు చెప్పక్కరలేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరుకు వచ్చి, గ్రహణంలో సూర్యుడి అంచున లేచిన మంటల వెలుగును పరిశీలించాడు. ఆ మంటల వెలుగులో పసుపుపచ్చ గీత ఒకటి ఉన్నట్టు ఆ గ్రహణంలో కనిపించింది. మొదట అది మన ఉప్పులో ఉండే సోడియం గీతేననుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ జాగ్రత్తగా కొలిస్తే సోడియం గీతల పక్కనే ఉంది గాని వాటితో కలవలేదు. తరంగదైర్ఘ్యం 587.6 నానోమీటర్లు. భూమ్మీద ఎక్కడా లేని పదార్థమని దానికి హీలియం అని పేరు పెట్టారు. అది భూమ్మీద కూడా ఉందని 1895లో విలియం రామ్సే పట్టుకున్నాడు. అప్పటికి ఇరవై ఏడేళ్ళు గడిచాయి. జాన్సెన్ వాడినవి పట్టకాలు, గ్రేటింగు కాదు. నేను చెప్పొచ్చేది వేరు. ఒక సన్నని గీత కొత్త మూలకం కావచ్చు. అలాంటిదే ఇంకొక సన్నని గీత ఎక్కడో కార్ఖానాలో తిరిగిన మరలోని వంకర కావచ్చు. ప్లేటు మీద రెండూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో చెప్పడానికే నాకు జీతం ఇచ్చేవారు.

ఇక పరీక్షలు. మొదటిది కంటి పరీక్ష. దీపం ఏటవాలుగా పెట్టి గీతలు చెదిరాయా, పూత లేచిందా చూస్తాం. వేలితో ముట్టుకోవడం మహాపాపం. వేలిముద్ర పడితే తుడవడానికి కూడా వీల్లేదు, తుడిస్తే గీతలు పోతాయి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు నేను చెప్పే మొదటి మాట, "గ్రేటింగు ముందు తుమ్మకు నాయనా" అని.

రెండోది పట్టీల పరీక్ష. హీలియం-నియాన్ లేజరు ఎర్రని వెలుగును, 632.8 నానోమీటర్లది, రెండు దారులుగా విడదీసి, ఒకటి నాణ్యమైన అద్దం మీదికీ రెండోది గ్రేటింగు మీదికీ పంపి, తిరిగి కలుపుతాం. అప్పుడు నలుపు ఎరుపు చారలు ఏర్పడతాయి. చారలు మగ్గం మీది దారాల్లా తిన్నగా ఉంటే బిళ్ళ బాగున్నట్టు. వంకరపోతే ఎక్కడో లోపం ఉన్నట్టు. మొదట గ్రేటింగును మామూలు అద్దంలా ఎదురుగా నిలబెట్టి చూస్తాం. అప్పుడు గాజు నున్నగా, చదునుగా ఉందో లేదో తెలుస్తుంది. తరవాత రమారమి 22 డిగ్రీలు తిప్పుతాం. అప్పుడు గీతలు విడదీసిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. ఇందులో గాజు లోపమూ, గీతల ఎడంలోని లోపమూ కలిసి కనిపిస్తాయి. ఆపైన రెండో పక్కకు కూడా అంతే తిప్పి చూస్తాం. గాజు గుంట అయితే రెండు పక్కలా చారలు ఒకే వైపు వంగుతాయి. గీతలు జరిగి ఉంటే ఒక పక్క ఇటూ, రెండో పక్క అటూ వంగుతాయి. తప్పు గాజు చేసినవాడిదా, గీతలు గీసినవాడిదా అన్నది అలా విడదీస్తాం.

మూడోది దయ్యాల పరీక్ష. మరలోని వంకర వల్ల గీతలు ఒక చుట్టులో కొంచెం దగ్గరగా, కొంచెం దూరంగా పడతాయి. ఆ తేడా ఎంతో ఊహించండి. గీతల మధ్య ఎడంలో నూరో వంతు, అంటే 8 నానోమీటర్లు చాలు. చారల పరీక్షలో అది కంటికి ఆనదు. కాని ప్రతి అసలు గీతకూ అటొకటి ఇటొకటి మసక గీతలు పుడతాయి. వాటి బలం అసలు గీతలో వెయ్యో వంతు. వీటికే రౌలండ్ దయ్యాలని పేరు. వెయ్యో వంతు కదా అని వదలడానికి లేదు. ఖగోళ శాస్త్రజ్ఞుడు వెతికేది చాలాసార్లు ఆ వెయ్యో వంతునే.

వీటిని పట్టాలంటే పాదరసపు దీపం పెట్టి రెండు ప్లేట్లు తీయాలి. మొదటి ప్లేటు రెండు సెకన్లు. దాంట్లో అసలు గీత చక్కగా వస్తుంది, దయ్యాలు రావు. రెండో ప్లేటు దానికి వెయ్యి రెట్లు, అంటే అరగంటకు పైగా. దాంట్లో అసలు గీత మాడిపోతుంది, పక్కన దయ్యాలుంటే తేలతాయి. తరవాత డార్క్‌రూములో ప్లేటు కడిగి, ఆరబెట్టి, కొలిచేసరికి ఒక పూట గడిచిపోతుంది.

ఇప్పుడు నా సంగతి. 1978 మార్చి 30. విదేశం నుంచి ఒక గ్రేటింగు వచ్చింది. పాత మాస్టరు నుంచి తీసిన నకలు. మర్నాటితో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. సాయంత్రంలోగా మా రిపోర్టు అందకపోతే బిల్లు పాసు కాదు, డబ్బు మురిగిపోతుందని స్టోర్సు నుంచి మనిషి వచ్చి మా గుమ్మంలో కూర్చున్నాడు. మార్చి నెలాఖరు అంటే ఏమిటో ఈ హాలులో ఉన్నవాళ్ళకు నేను వివరించక్కరలేదు. కంటి పరీక్ష అయింది, బాగుంది. చారలు తిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. రెండు సెకన్ల ప్లేటు తీశాను, శుభ్రంగా ఉంది. అరగంట ప్లేటుకు టైము లేదు. ఫారంలో "దయ్యపు గీతలు" అన్న గడి ఖాళీగా ఉంది. ఖాళీ వదిలితే వెనక్కి పంపుతారు. "లేవు" అని రాసి సంతకం పెట్టాను.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. మా ఆఫీసరు అడిగితే ఇంకొక రోజు అడిగి తెచ్చేవారేమో కూడా. ఆ రోజు నేను అబద్ధం రాశానని నాకు అనిపించలేదు. చారలు అంత బాగున్న బిళ్ళకు దయ్యాలేమిటిలే అనుకున్నాను.

ఆ గ్రేటింగు స్పెక్ట్రోగ్రాఫులోకి ఎక్కింది. పీహెచ్‌డీ చేస్తున్న ఒక కుర్రాడు దానితో ఆకాశంలోని వాయుమేఘాలను పరిశీలించడం మొదలుపెట్టాడు. మన వైపు కుర్రాడే. పల్లెటూరి నుంచి స్కాలర్‌షిప్పు మీద వచ్చాడు. నెలనెలా దాంట్లోంచి ఇంటికి డబ్బు పంపేవాడు. గంటల తరబడి ప్లేటు పెడితే, 656.3 నానోమీటర్ల ఎర్రని హైడ్రోజన్ గీతకు అటూ ఇటూ 0.55 నానోమీటర్ల దూరంలో రెండు సన్నని గీతలు కనిపించాయి. లెక్క వేస్తే ఆ మేఘం నుంచి వాయువు రెండు దిక్కులకూ సెకనుకు 250 కిలోమీటర్ల వేగంతో చిమ్ముతున్నట్టు వచ్చింది. కుర్రాడు తెలివైనవాడు, ఒక్క గీతను నమ్మలేదు. ఆకుపచ్చని ఆక్సిజన్ గీత, 500.7 నానోమీటర్లది, దాని పక్కన కూడా చూశాడు. అక్కడా జంట గీతలున్నాయి, లెక్క వేస్తే అదే 250 కిలోమీటర్లు. రెండు సాక్ష్యాలు కలిసాయి కదా అని ధైర్యంగా వ్యాసం రాయడానికి కూర్చున్నాడు.

చిక్కంతా అక్కడే ఉంది. నిజంగా వాయువు కదిలితే గీత జరిగే దూరం తరంగదైర్ఘ్యాన్ని బట్టి పెరుగుతుంది. దయ్యపు గీత దూరం కూడా సరిగ్గా అలాగే తరంగదైర్ఘ్యాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి అతను చేసిన పరీక్షలో దయ్యం కూడా పాసైపోయింది.

రక్షించింది అతని శ్రద్ధే. వ్యాసం పంపేముందు ఇంకొక మేఘాన్ని చూశాడు, 250. మూడోదాన్ని చూశాడు, మళ్ళీ 250. అప్పుడు ప్లేట్లు సంచీలో వేసుకుని మా సెక్షనుకు వచ్చాడు. "గురువుగారూ, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు మేఘాలు ఒకే వేగంతో ఎలా చిమ్ముతాయండీ?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు చల్లబడింది. కాంతి వేగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. దాన్ని 1200తో భాగిస్తే 250. ఆ బిళ్ళ మీద మిల్లీమీటరుకు 1200 గీతలు. గీసిన యంత్రపు మర ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు జరిగి ఉంటే, దయ్యాలు సరిగ్గా అక్కడే ఉండాలి. అతను ఏడాదిగా కొలుస్తున్నది ఆకాశంలోని వాయువును కాదు, ఒక మర చుట్టును.

ఆ సాయంత్రమే గ్రేటింగు దింపించి, పాదరసపు దీపం వెలిగించి, 1978 మార్చిలో నేను తీయని అరగంట ప్లేటు తీశాను. అతను కూడా డార్క్‌రూములో నా పక్కనే నిలబడ్డాడు. హైపో లోంచి ప్లేటు ఎత్తేసరికి మాడిపోయిన ఆకుపచ్చ గీతకు అటొకటి ఇటొకటి, 0.455 నానోమీటర్ల దూరంలో, సన్నని గీతలు రెండు. మా గదిలోని దీపం ఏ దిక్కుకూ వాయువు చిమ్మడం లేదు కదా.

అతను చాలాసేపు ప్లేటు వంక చూసి, "పోనీలెండి గురువుగారూ, అచ్చు కాకముందే తెలిసింది" అన్నాడు. ఆ ఒక్క మాటే. పదకొండు నెలల పని పోయింది. స్కాలర్‌షిప్పు గడువు దగ్గరపడింది. అంశం మార్చుకుని, మళ్ళీ మొదలుపెట్టి, రెండేళ్ళు ఆలస్యంగా డిగ్రీ తీసుకున్నాడు. ఆ రెండేళ్ళూ వాళ్ళ ఇంటికి డబ్బు ఎలా వెళ్ళిందో నేను అడగలేదు. థీసిస్ మొదట్లో, దయ్యపు గీతలను పట్టి ఇచ్చినందుకు నాకు కృతజ్ఞతలు చెప్పాడు. "లేవు" అన్న రిపోర్టు మీద సంతకం ఎవరిదో అతను ఫైలులో చూశాడో లేదో నాకు తెలియదు. చూడలేదని అనుకుంటే నాకు సుఖంగా ఉండేది, అందుకని అలాగే అనుకున్నాను.

మర్నాడు మా ఆఫీసరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కేకలు వెయ్యలేదు. "ఫారం మార్చండి" అన్నారు. అప్పటి నుంచి మా ఫారంలో ప్రతి పరీక్షకూ మూడు గడులు పెట్టాం. ఉంది, లేదు, చూడలేదు. మూడో గడిలో టిక్కు పెట్టడం నామోషీ కాదని కుర్రాళ్ళందరికీ నచ్చజెప్పాను. దయ్యాల గడిలో "లేవు" అని రాస్తే, ఎంతసేపు ప్లేటు పెట్టి చూశారో పక్కనే రాయాలని నియమం పెట్టాం. ఆ గ్రేటింగును కూడా పారెయ్యలేదు. దయ్యం ఎక్కడ కూర్చుంటుందో తెలిస్తే దాన్ని తప్పించుకుని నడవచ్చు. దాని పెట్టె మీద ఆ దూరాలు రాసి అంటించాం. మరి కొన్నేళ్ళు బాగానే పనిచేసింది.

ఇప్పుడు కాలం మారింది. మర బదులు లేజరు చారలనే గాజు మీద ముద్రించి చేసే గ్రేటింగులు 1960ల చివరి నుంచీ వస్తున్నాయి. మర లేదు కాబట్టి మర దయ్యాలూ లేవు. వజ్రంతో గీసే యంత్రాలకు కూడా కాంతితో కొలిచి సరిదిద్దే ఏర్పాటు వచ్చింది. ప్లేట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ కెమెరాలు వచ్చాయి. అయితే ఆ కెమెరాలు ఫొటో ప్లేటుకు ఆనని మసకను కూడా పడతాయి. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల కోసం సెకనుకు ఒక మీటరు వేగాన్ని కొలుస్తున్న రోజులివి. మనిషి నడిచే వేగం కన్నా తక్కువ. వెలుగు అద్దాల మధ్య అటూ ఇటూ తిరిగి పుట్టే కొత్త రకం దయ్యాలున్నాయి. కాబట్టి పరీక్షించేవాడి పని తగ్గలేదు.

మిత్రులారా, నవంబరు నెల వచ్చిందంటే మనమందరం బతికున్నామని రుజువు చూపిస్తాం. ఆ కాగితం మీద సంతకం పెట్టే ఆఫీసరు మనల్ని చూసి పెట్టాలని మనం కోరుకుంటాం. చూడకుండా "లేడు" అని రాస్తే మన పెన్షన్ ఆగిపోతుంది. నేను కూడా ఒకరోజు చూడకుండా "లేవు" అని రాశాను. ఒక కుర్రాడి రెండేళ్ళు ఆగిపోయాయి. సర్వీసులో నాకు రెండు ప్రశంసాపత్రాలు వచ్చాయి, అవి మా ఇంట్లో గోడకు వేలాడుతున్నాయి. నేను నేర్చుకున్నది మాత్రం ఆ మూడో గడే. మన మనవలు ఏ ఉద్యోగం చేసినా, కంప్యూటరు ముందు కూర్చున్నా, ఆసుపత్రిలో రిపోర్టులు రాసినా, ఆ గడి ఒకటుందని వాళ్ళకు చెప్పండి.

ఆ కుర్రాడు ఇప్పుడు కుర్రాడు కాదు. ఆయన కూడా పదవీ విరమణ చేశారు. పండక్కి ఫోను చేస్తూనే ఉంటారు. ఆ సంతకం నాదేనని మాత్రం నేను ఇన్నేళ్ళూ నోటితో చెప్పలేకపోయాను. ఈ ప్రత్యేక సంచిక అచ్చయ్యాక ఒక ప్రతి ఆయన అడ్రసుకు పంపమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటాను.